డాక్టరు పేజీ: ఉద్యోగం పోయిన ఇంట్లో రెండు అరవైలు

ఈ పేజీలో రక్తపోటు గురించో, మధుమేహం గురించో రాయడం అలవాటు. ఈ నెల ఉద్యోగం పోవడం గురించి రాస్తున్నాను. ఇది వైద్యుడి విషయం కాదని మీరనవచ్చు. కాని ఉద్యోగం పోయిన ఇంట్లో ముందుగా పోయేది నిద్ర. తరువాత బీమా లేదని మాత్రలు మానేస్తారు. ఆ తరువాత మా దగ్గరకు వస్తారు. పైగా మనవాళ్ళు ఈ సంగతిని పూర్వం క్షయ రోగాన్ని దాచినట్టు దాచుకుంటారు. ఊళ్ళో అమ్మానాన్నలకు చెప్పరు, పక్కవీధి తెలుగువారికీ చెప్పరు. దాచిన రోగం ముదురుతుంది. ఇక్కడ గడువులు కూడా వున్నాయి, అవి మనకోసం ఆగవు.

రెండు అరవైలు గుర్తుంచుకోండి. మొదటిది వీసాది. 2017 జనవరి నుంచి వున్న నిబంధన ప్రకారం హెచ్-1బి వారికి ఉద్యోగం ముగిసిన తరువాత గరిష్ఠంగా 60 రోజులు వ్యవధి వుంటుంది. ఐ-94 గడువు అంతకంటె ముందే ముగిస్తే అంతవరకే. ఈలోగా కొత్త యజమాని దరఖాస్తు పెట్టాలి, లేదా మరో స్థాయికి మార్పు కోరాలి. రెండవది ఆరోగ్య బీమాది. ఇరవై మంది లేదా అంతకు పైబడి ఉద్యోగులున్న కంపెనీలో కోబ్రా చట్టం కింద పాత బీమాను సాధారణంగా 18 నెలలు కొనసాగించుకోవచ్చు. ఎంచుకోవడానికి 60 రోజులు గడువు. కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి కనుక ఖరీదు ఎక్కువే. అందుచేత రాష్ట్ర బీమా విపణి ధరలు కూడా పక్కన పెట్టి చూసుకోండి. దానికీ 60 రోజులే. ఏది ఎంచుకున్నా సరే, షుగరు మాత్రలు, బి.పి. మాత్రలు మాత్రం మానకండి.

ఇక నిరుద్యోగ భృతి. దీన్ని అడగడం నామోషీ అనుకునేవారు చాలామంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ నిధికి పన్ను కట్టేది యజమానులు. మనం పని చేసినందుకు కట్టిన బీమా అది, ధర్మసత్రంలో భోజనం కాదు. లెక్కకు తీసుకునే సంవత్సరంలో 680 గంటలు పని చేసి వుండాలి. గరిష్ఠంగా 26 వారాలు వస్తుంది. వారానికి మూడు ఉద్యోగ ప్రయత్నాలు చేసి రాసి వుంచుకోవాలి. అయితే వెంటనే పనిలో చేరగల స్థితి, పని చేసే హక్కు వుండాలి గనుక వీసా మీద వున్నవారు ముందుగా న్యాయవాదిని అడిగి అడుగు వేయడం మంచిది.

భృతితో పని అయిపోదు. చేతిలో కొత్త విద్య వుండాలి. వర్క్‌సోర్స్ కార్యాలయాలు రెజ్యుమే దిద్దడం, ఇంటర్వ్యూ అభ్యాసం ఉచితంగా చేయిస్తాయి. ఉద్యోగం పోయినవారిని తిరిగి చదివించే వర్కర్ రీట్రెయినింగ్ పథకం ఈ రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీలలో 1993 నుంచి వుంది. మన బాతెల్‌లోనే కాస్కేడియా కాలేజీ, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2000 నుంచి ఒకే ఆవరణలో వున్నాయి. హెచ్-4 మీద వున్న అమ్మాయిలకు పని చేసే అనుమతి 2015 నుంచి కొందరికే దొరుకుతున్నది గాని, చదువుకు అనుమతి అక్కరలేదు. ఎదురుచూసే ఏళ్ళను చదువులో పెట్టవచ్చు.

శిక్షణ వల్ల పెద్దవాళ్ళు మారతారా అని అడిగేవారికి మన కాకినాడ కథ చెప్పాలి. 1964లో హార్వర్డు మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలండ్ బృందం కాకినాడ వ్యాపారస్తులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించి కొద్దిరోజుల తరగతులు పెట్టింది. గురి పెట్టుకోవడం, మరీ సులభమూ మరీ అసాధ్యమూ కాని పని ఎంచుకోవడం, ఫలితాన్ని తామే బేరీజు వేసుకోవడం నేర్పారు. తరువాత చూస్తే, శిక్షణ లేనివారికంటె వీరు కొత్త వ్యాపారాలు, కొత్త పెట్టుబడులు ఎక్కువగా మొదలుపెట్టారు. కులమూ సంప్రదాయమూ అడ్డు రాలేదు. నడివయసు కోమటి దుకాణదారుకు పనికివచ్చిన చదువు మన ఇంజనీరుకు పనికిరాదా?

సొంత వ్యాపారం పెట్టదలచిన వారికి రెండు మాటలు. 1964లోనే మొదలైన స్కోర్ సంస్థలో అనుభవజ్ఞులైన వ్యాపారస్తులు ఉచితంగా సలహా చెబుతారు. భృతి ముగిసేలోగా ఉద్యోగం దొరకడం కష్టమని ఉపాధి శాఖ గుర్తించినవారు, ఆమోదం పొందిన వ్యాపార శిక్షణలో చేరితే భృతి తీసుకుంటూనే ఉద్యోగ వేట నుంచి మినహాయింపు పొందవచ్చు. హెచ్-1బి వారు తమ కంపెనీ ద్వారానే దరఖాస్తు చేసుకునేందుకు 2025 జనవరి నిబంధన దారి చూపింది. ఒక హెచ్చరిక: ఈ రాష్ట్రపు వ్యాపార పన్ను లాభం మీద కాదు, వచ్చిన మొత్తం రాబడి మీద. కాబట్టి వాపును చూసి బలుపనుకోవద్దు.

మా వృత్తిలో వాడే అల్ట్రాసౌండుకు బాతెల్ పాత పుట్టిల్లు. ఇక్కడి ఏ.టి.ఎల్. కంపెనీని 1998లో ఫిలిప్స్ కొన్నది. అదే ఏడు అందులోంచి సోనోసైట్ విడివడి, చేత్తో మోసుకుపోగల యంత్రం తయారుచేసింది. కంపెనీల బోర్డులు మారతాయి. నేర్చిన పని మనిషితోనే వస్తుంది.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు. ఉద్యోగం వున్నవారు ఈ రోజే మూడు నెలల ఖర్చు లెక్క వేసుకోండి, ఐ-94 తేదీ చూసుకోండి. ఉద్యోగం పోయినవారు ఇంట్లో ముందుగా భార్యకో, భర్తకో చెప్పండి. ఇక్కడ ఇల్లు కొన్నవారు, వ్యాపారం పెట్టినవారు, కొలువు పోయి మళ్ళీ నిలబడ్డవారు మన సంఘంలో ఎందరో వున్నారు. మీరు గంటసేపు మాట్లాడగలిగితే కార్యదర్శి గారికి పేరు ఇవ్వండి. అడగడానికి సంకోచించేవారు కూడా ఆయనకే ఒక్క మాట చెప్పండి. ఆ రెండు పేర్లూ కలపడం సంఘం చేయగల వైద్యం.