పేగుల వాపుకు మూలకణాలు: డబ్బు కట్టేముందు

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న జుగ్సలాయిలో మా పిన్ని ఉంటుంది. ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో వాళ్లదొకటి. మొన్న ఆమె ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. క్రోన్స్ వ్యాధికి మూలకణాల సూది వేయించుకున్నాననీ, పూర్తిగా తగ్గిపోయిందనీ అందులో ఒక కుర్రాడు చెబుతున్నాడు. పిన్ని కొడుకుదీ అదే జబ్బు. "ఊర్లో జాగా అమ్మేద్దామనుకుంటున్నాం, నువ్వేటంటావు?" అని అడిగింది. ఆమెకు చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

పేగుల్లో దీర్ఘకాలం ఉండే వాపు జబ్బుల్లో ముఖ్యమైనవి రెండు: క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పేగు గోడ మీదే దాడి చేస్తుంది. రక్త విరేచనాలు, కడుపునొప్పి, బరువు తగ్గడం మామూలు లక్షణాలు. క్రోన్స్ ఉన్న కొందరికి మలద్వారం పక్కన భగందరం ఏర్పడి చీము కారుతూ ఉంటుంది. ఈ జబ్బులు కొన్నాళ్లు ముదురుతాయి, కొన్నాళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

'మూలకణ చికిత్స' అన్న ఒకే పేరు కింద రెండు వేర్వేరు చికిత్సలున్నాయి. మొదటిదానిలో గట్టి మందులతో రోగనిరోధక కణాలను తుడిచిపెట్టి, రోగి సొంత రక్త మూలకణాలను తిరిగి ఎక్కిస్తారు. యూరప్‌లో 45 మంది క్రోన్స్ రోగులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. ఏడాది తర్వాత మందులు లేకుండా, పేగులో వాపు జాడ లేకుండా ఉండటాన్ని లక్ష్యంగా పెట్టుకున్నారు. ఆ చికిత్స పొందిన 23 మందిలో ఇద్దరు, పొందని 22 మందిలో ఒకరు దాన్ని చేరుకున్నారు. చికిత్స పొందిన వారిలో ఒకరు మరణించారు. తేలిగ్గా తలపెట్టే చికిత్స కాదిది.

రెండోది మీసెంకైమల్ మూలకణాలది. ప్రకటనల్లో కనిపించేది ఎక్కువగా ఇదే. ఈ కణాలు కొత్త పేగును మొలిపిస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి శరీరంలో ఎక్కువకాలం నిలవవు. వాపును తగ్గించే పదార్థాలను విడుదల చేస్తాయన్న ఆశతోనే పరిశోధకులు వాటివైపు చూశారు. దాతల కొవ్వు నుంచి పెంచిన 12 కోట్ల కణాలను భగందరం చుట్టూ సూదితో ఎక్కించే మందు ఒకటి వచ్చింది. దాని పేరు డార్వాడ్‌స్ట్రోసెల్. 212 మందితో చేసిన పరీక్షలో 24 వారాలకు ఈ కణాలు పొందిన వారిలో 50 శాతం మందికి భగందరం మూసుకుంది. సెలైన్ మాత్రమే పొందిన వారిలో 34 శాతం మందికే మూసుకుంది. యూరప్ 2018లో అనుమతి ఇచ్చింది. నేనూ అప్పట్లో సంబరపడ్డాను.

తర్వాత అదే మందును 568 మంది మీద పరీక్షించారు. కణాలు పొందిన వారిలో 48.8 శాతం మందికి, సెలైన్ పొందిన వారిలో 46.3 శాతం మందికి నయమైంది. అంత చిన్న తేడా కాకతాళీయంగానూ రావచ్చు. 2024 చివరలో ఆ మందును యూరప్ మార్కెట్ నుంచి కంపెనీ వెనక్కి తీసుకుంది.

నన్ను ఆపింది 48.8 కాదు, 46.3. మూలకణం ఒక్కటీ పొందని వారిలోనూ దాదాపు సగం మందికి భగందరం మూసుకుంది. సూది వేసేముందు అందరికీ మత్తు ఇచ్చి పుండును గీకి శుభ్రం చేశారు, లోపలి రంధ్రాన్ని కుట్టారు, మామూలు మందులూ కొనసాగించారు. జబ్బు తనంతట తాను నెమ్మదించే గుణమూ తోడైంది. ఆ సెలైన్ వాళ్లలో ఒకరిని పిలిచి వీడియో తీస్తే "నాకు తగ్గిపోయింది" అనే చెబుతారు, అబద్ధమూ కాదు. పిన్నికి వచ్చిన వీడియోలో కుర్రాడు అబద్ధం చెబుతున్నాడని నేను అనను. అతనికి తగ్గడానికి కారణం ఆ సూదేనని మాత్రం ఆ వీడియో చెప్పలేదు.

మన దేశంలో నిబంధన స్పష్టంగానే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూలకణాలను చికిత్సగా వాడదగ్గది ప్రధానంగా రక్త సంబంధ జబ్బులకే. మిగతా చాలావాటిని పరిశోధనగానే చూడాలి, అందులో పాల్గొనే రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు. మందుల పరీక్షలను జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి. ఆ నంబరు ఎవరైనా ఇంటర్నెట్‌లో వెతికి చూసుకోవచ్చు. నంబరు అడిగితే ఇవ్వకుండా లక్షల్లో బిల్లు చెప్పేవాళ్లు చేస్తున్నది పరిశోధన కాదు. నిరూపితమైన వైద్యమూ కాదు. నిబంధన కాగితం మీద ఉండి, ప్రకటన ఫోన్‌లో ఉండటమే నా ఫిర్యాదు. ఈ రెండోది జుగ్సలాయి దాకా చేరింది, మొదటిది చేరలేదు.

జాగా అమ్మే స్థోమత ఉన్నవాళ్లు ముందు వేరే పనులకు ఖర్చు పెట్టాలి. మనదేశంలో పేగు క్షయ, క్రోన్స్ ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. క్షయ ఉన్నవారికి రోగనిరోధకతను అణిచే మందులిస్తే ప్రమాదం. కాబట్టి కొలనోస్కోపీ, బయాప్సీతో జబ్బు ఏదో తేల్చుకోవాలి. అజాథయోప్రిన్ వాడేవాళ్లు రక్త పరీక్షలు మానకూడదు. వాటికీ లొంగకపోతే బయలాజిక్ మందులున్నాయి. అడాలిముమాబ్ బయోసిమిలర్ 2014 నుంచే మనదేశంలో దొరుకుతోంది. చవకేమీ కాదు, కానీ అది పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది.

పిన్నికి రెండు ప్రశ్నలు రాసి పంపాను: రిజిస్ట్రీ నంబరు ఎంత? పరీక్ష అయితే డబ్బు ఎందుకు? ఆ క్లినిక్‌కు ఆమె ఫోన్ చేసింది. ఈ వారమే వస్తే తగ్గింపు ఇస్తామన్నారట. నంబరు మాత్రం చెప్పలేదు. తమ్ముడి పాత బయాప్సీ కాగితాలు పట్టుకుని వచ్చే నెల పేగుల నిపుణుడి దగ్గరికి వెళ్తున్నారు.