రెండు సీట్లు తగ్గితే పల్లె గుర్తొచ్చింది

ఐర్లండ్ ఎన్నికలతో మనకేం పని అని సభ్యులు కొందరు అడగొచ్చు. పని ఉంది. అది పాడి మీద, పశువుల మీద, గడ్డి భూముల మీద బతికే రైతులున్న దేశం. 2024 నవంబరు 29న అక్కడ జరిగిన పార్లమెంటు ఎన్నికలు పల్లె ఓటుకు ఎప్పుడు విలువ వస్తుందో చూపించాయి.

ముందు లెక్క చూద్దాం. మొత్తం సీట్లు 174. ఫియనా ఫాల్‌కు 48, షిన్ ఫేన్‌కు 39, ఫిన గేల్‌కు 38 వచ్చాయి. లేబర్, సోషల్ డెమొక్రాట్లకు చెరి 11. పల్లెల పేరు చెప్పి పోటీ చేసిన ఇండిపెండెంట్ ఐర్లండ్ అనే కొత్త పార్టీకి 4. ఏ పార్టీకీ చెందని స్వతంత్రులు 16 మంది గెలిచారు. మిగిలిన కొన్ని సీట్లు చిన్న పార్టీలవి.

ప్రభుత్వం నిలబడాలంటే 88 మంది కావాలి. అంతకు ముందు కలిసి పాలించిన ఫియనా ఫాల్, ఫిన గేల్ ఈసారీ చేతులు కలిపినా 86 దగ్గరే ఆగారు. ఆ కొరత తీర్చింది ఎక్కువగా పల్లె ప్రాంతాల నుంచి గెలిచిన స్వతంత్రులే. ఊరికే తీర్చలేదు, బేరం పెట్టారు. కెర్రీ జిల్లాకు చెందిన మైకేల్ హీలీ-రే, గాల్వే జిల్లాకు చెందిన నోయెల్ గ్రీలిష్ వ్యవసాయ శాఖలోనే సహాయ మంత్రులయ్యారు.

అక్కడ ఓటు వేసే పద్ధతి కూడా దీనికి తోడ్పడింది. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగే పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తారు. ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురు మొదలు అయిదుగురి దాకా గెలుస్తారు. తన మనిషి ఓడినా రైతు ఓటు రెండో ప్రాధాన్యతకు చేరుతుంది, వృథా పోదు.

ఈసారి బాగా దెబ్బతిన్నది గ్రీన్ పార్టీ. 2020లో 12 సీట్లున్న పార్టీకి ఒక్కటే మిగిలింది. వ్యవసాయం నుంచి వచ్చే కాలుష్య వాయువులను 2030 నాటికి 25 శాతం తగ్గించాలని నిర్ణయించిన ప్రభుత్వంలో అది భాగస్వామి. పాడి రైతులకు ఆ కోపం ఉంది. అయితే ఆ పార్టీ పట్నాల్లోనూ ఓడింది కాబట్టి ఇదంతా రైతు దెబ్బే అనుకోవడం తప్పు. వానలు గతి తప్పితే మొదట నష్టపోయేది రైతే. ఆ భారం రైతు ఒక్కడి నెత్తిన పెట్టొద్దనే మన వాదన.

మరి రైతులే పార్టీ పెట్టుకుంటే సరిపోతుందా? ఐర్లండ్ రైతులు అదీ చేసి చూశారు. 1939లో క్లాన్ నా తలూన్ అనే పార్టీ పుట్టింది. 1943లో 10 సీట్లు గెలిచింది, 1948లో ప్రభుత్వంలో చేరింది, 1965కల్లా కనుమరుగైంది. ఆ మరుసటి ఏడాదే, 1966 అక్టోబరులో, రైతు సంఘం వాళ్లు బాంట్రీ నుంచి డబ్లిన్‌కు సుమారు 350 కిలోమీటర్లు నడిచారు. మంత్రి కలవనంటే వ్యవసాయ శాఖ మెట్ల మీద రోజుల తరబడి బైఠాయించారు. పార్టీ పోయింది గానీ ఆ సంఘం ఐరిష్ రైతు సంఘం పేరుతో నేటికీ ఉంది.

మిత్రులారా, మన అసెంబ్లీ ఎన్నికల పద్ధతి వేరు. వాళ్లలాగా స్వతంత్రులను గెలిపించుకోవడం ఇక్కడ అంత సులువు కాదు. కానీ ఒక్క సంగతి అక్కడా ఇక్కడా ఒకటే. ఫలానా ఊరి ఓటు ఫలానా పార్టీకే అని ముందే తేలిపోతే, ఆ ఊరి గడప తొక్కాల్సిన పని ఎవరికీ ఉండదు. మద్దతు ధర, కౌలు రైతుకు గుర్తింపు కార్డు, పంట నష్టపరిహారం అడిగేది కులాన్ని, జెండాను చూసి ఓటేసిన తరవాత కాదు, వేయకముందు. కాగితం మీద రాయించుకుని అడగాలి. గెలిచాక ఆ కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లాలి. అలా వెళ్లడానికే సంఘం ఉన్నది.