చెవికి తగిన సాధనం

కడప జిల్లా పల్లెలలో ఒకప్పుడు పెళ్ళి ఊరేగింపు అంటే మేళతాళాలు, తప్పెట్లు. తిరునాళ్ళ అంటే చెక్కభజన. నేడు వాటి సరసన డీజే కూడా చేరింది. పొలతల మల్లికార్జునుని శివరాత్రి తిరునాళ్ళకు పేరొందిన పెండ్లిమర్రి మండలమైనా ఇందుకు మినహాయింపు కాదు. డీజే నడపడం కొందరు యువకులకు జీవనోపాధి అయింది. అటువంటి యువకుడు కూడబెట్టిన సొమ్ముతో హెడ్‌ఫోన్ కొనబోయినప్పుడు అంగడిలో వినిపించే మాట ఒక్కటే: "బేస్ బాగుంటుంది." ఎంపికకు ఆ ఒక్క మాట చాలదు.

హెడ్‌ఫోన్ పుట్టుకలోనే ఈ భేదం కనిపిస్తుంది. 1910లో నథానియల్ బాల్డ్విన్ అమెరికా నౌకాదళానికి అందించిన సాధనం సందేశాలు వినడానికి ఉద్దేశించినది. 1958లో జాన్ కాస్ రూపొందించిన స్టీరియో హెడ్‌ఫోన్ సంగీతాస్వాదనకు ఉద్దేశించినది. ఒకటి పనికోసం, మరొకటి ఆనందం కోసం. నేటి కొనుగోలుదారు కూడా మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదే: ఇది దేనికోసం?

డీజే చేసే పని విచిత్రమైనది. ఒక పాట జనానికి వినిపిస్తూ ఉండగానే, రాబోయే పాటను అతడు ఒక చెవితో విని, రెండింటి లయనూ కలపాలి. చుట్టూ పెద్దపెద్ద స్పీకర్లు మోగుతుంటాయి. కనుక చెవిని పూర్తిగా కప్పి, బయటి శబ్దాన్ని అడ్డుకునే మూసిన రకం అతనికి అవసరం. ఒక వైపు గిన్నె పక్కకు తిరగాలి. తీగ తెగితే మార్చుకునే వీలుండాలి. తీగ లేని బ్లూటూత్ రకంలో శబ్దం క్షణకాలం ఆలస్యంగా చేరుతుంది. లయ కలపవలసిన చోట ఆ క్షణమే పనిని చెడగొడుతుంది.

ఇంట్లో వినేవారి అవసరం వేరు. తాళ్ళపాక అన్నమయ్య సంకీర్తననో, పాత సినిమా పాటనో తీరికగా వినేవారికి గాత్రం, వీణ, మృదంగం దేనికది స్పష్టంగా వినిపించాలి. గంటసేపు ధరించినా చెవి నొప్పి పుట్టకూడదు. వెనుక తెరచి ఉన్న రకంలో ధ్వని సహజంగా, విశాలంగా తోస్తుంది. అయితే ఆ శబ్దం బయటికీ వినిపిస్తుంది. నలుగురు ఒకే గదిలో నిద్రించే ఇంటికి అది తగదు. మరొక సంగతి: 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ సెల్‌ఫోన్‌తోనే చక్కగా పలుకుతుంది, 250 ఓమ్‌ల రకానికి సాధారణంగా వేరుగా ఆంప్లిఫయర్ కావాలి.

రెండు కొనే స్తోమత అందరికీ ఉండదు కదా అని కొందరు ప్రశ్నించవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. ఒక్కటే కొనగలిగినవాడు తన వృత్తికి పనికివచ్చేదే కొనాలి. మూసిన రకం ఇంట్లోనూ కొంతవరకు ఉపయోగపడుతుంది; తెరచిన రకం ఊరేగింపులో అక్కరకు రాదు. కొనేముందు తనకు బాగా తెలిసిన పాటను దానిలో విని చూడడం ఏ ప్రకటనకన్నా నమ్మదగిన పరీక్ష.

అన్నింటికన్నా ముఖ్యమైనది చెవి. 85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదనీ, ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ కాలం సగమవుతుందనీ అమెరికా వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ సూచించింది. ఆ లెక్కన 100 డెసిబెల్‌ల వద్ద దక్కేది 15 నిమిషాలే. వందకోట్లకు పైగా యువజనులు వినికిడి నష్టపు అంచున ఉన్నారని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. లోపలి చెవిలోని సున్నితమైన రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో తిరిగి మొలకెత్తవు. బయటి శబ్దాన్ని అడ్డుకోలేని నాసిరకం సాధనం ధరించినవాడు ఆ మోతను మించి వినడానికి శబ్దాన్ని మరింత పెంచుతాడు. చౌకగా కొన్నదానికి మిగిలిన మూల్యం చెవి చెల్లిస్తుంది.

డీజే యువకునికి చెవే పెట్టుబడి. పాతబడిన హెడ్‌ఫోన్ స్థానంలో కొత్తది కొనవచ్చు. పోయిన వినికిడి ఏ అంగడిలోనూ దొరకదు. కనుక పనిని ఎరిగి సాధనాన్ని ఎన్నుకోవడం, మితమెరిగి దానిని వాడడం నేటి యువతరం నేర్వవలసిన వివేకం.