రేషన్ షాపు దగ్గరి కృత్రిమ మేధ

కృత్రిమ మేధతో సమాజానికి ముప్పేమిటని తరగతిలో అడిగితే నా విద్యార్థులు ఉద్యోగాలు పోతాయన్నారు, నకిలీ వీడియోలన్నారు. రేషన్ కార్డు మాట ఒక్కరూ ఎత్తలేదు. వారిని తప్పుపట్టలేను, మన సదస్సులూ పత్రికలూ చెబుతున్నది అంతవరకే.

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ వివిధ ప్రభుత్వ శాఖల రికార్డుల్లోని పేర్లను, చిరునామాలను అల్గారిథమ్‌తో పోల్చి, ఫలానా కుటుంబానికి కారు ఉందని తేల్చింది. మరొకరి కారు తమ లెక్కలో పడి కార్డు పోగొట్టుకున్న పేదలున్నారు. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులపై క్షేత్రస్థాయి విచారణ జరపాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

ఇందులో కులమెక్కడుందని అడిగేవారుంటారు. ఆ యంత్రానికి కులం తెలియకపోవచ్చు. కానీ దాని పొరపాటుకు పస్తులుండేది చౌక బియ్యం మీద బతికే ఇళ్లు. సెంటు భూమి లేని దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల ఇళ్లే వాటిలో అధికం. పైగా, గుమాస్తా కాదంటే వివక్ష అని నిలదీయడం మన ఉద్యమాలు నేర్పాయి. ‘కంప్యూటర్ తీసేసింది’ అంటే ఎవరిని నిలదీయాలి?

ప్రమాదాన్ని ప్రజలకు చెప్పే పని ఇక్కడ మొదలుకావాలి. ఏ సమాచారం ఆధారంగా కార్డు తీసివేయదలిచారో, ఎవరికి అప్పీలు చేసుకోవాలో తెలుగులో రాసి, రద్దుకు ముందే ఇంటికి అందించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు కూలీల లెక్కలను ఊరందరి ముందు చదివించాయి. అల్గారిథమ్ తయారుచేసిన జాబితాను గ్రామసభలో చదవడానికి ప్రభుత్వాలకున్న అభ్యంతరమేమిటి?