కోర్టు మెట్లెక్కని వంశమా మీది?

"మా వంశంలో ఒక్కడు కూడా కోర్టు మెట్లెక్కలేదు" అని మీసం దువ్వే పెద్దమనుషులు మేడ్చల్‌లో ఊరికి పదిమంది దొరుకుతారు. శామీర్‌పేటలో ఇంకా ఎక్కువ. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎక్కలేదా? మరి మీ తాత దున్నిన రెండెకరాలు ఇవాళ ఎవడి వెంచర్లో ఉన్నాయి? మీ మేనత్త వాటా ఎవరి ప్రహరీ గోడ లోపల పడి ఉంది? మీరు పరువు అనుకుంటున్నది మిమ్మల్ని ముంచినవాడికి మీరు రాసిచ్చిన అభయపత్రం.

ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అంటారు. ఈ సామెతను ఎక్కువగా చెప్పేది ఎవరో ఎప్పుడైనా గమనించారా? చెల్లెలి వాటా మింగిన అన్న చెప్తాడు. ఒకే ప్లాటును ముగ్గురికి అమ్మిన దళారి చెప్తాడు. రెండు వైపులా కమీషన్ తిని పంచాయితీ తెంపిన పెద్ద చెప్తాడు. నష్టపోయినవాడు తలూపుతాడు.

ఇది చట్టం తెలియని అడవి కాదు. 1998లో పుట్టిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. దేశం నలుమూలల పిల్లలు వచ్చి ఆస్తి చట్టాలు చదివి వెళ్తుంటారు. జిల్లా కలెక్టరేటు అంతాయిపల్లిలో ఉంది. 2020 అక్టోబర్ 29న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భూ రికార్డుల ధరణి పోర్టల్‌ను ప్రారంభించింది ఇక్కడి మూడు చింతలపల్లిలోనే. ఆ ధరణిలో పేరు తప్పు పడితే పై అధికారికి అప్పీలు చేసుకునే దారి లేక జనం సివిల్ కోర్టుల చుట్టూ తిరిగారు. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, దాంతో అప్పీళ్లు మళ్లీ వచ్చాయి. తహసీల్దారు ఉత్తర్వు తప్పనిపిస్తే ఆర్డీవో దగ్గరికి, అక్కడా తేలకపోతే కలెక్టరు దగ్గరికి పోవచ్చు. మీ ఊళ్లో ఎంతమందికి తెలుసు? పాస్‌బుక్కులో విస్తీర్ణం తగ్గిందని టీ కొట్టు దగ్గర ఏడ్చేవాళ్లు నాకు రోజూ కనిపిస్తారు. అప్పీలుకు గడువుందని, అది దాటిపోతోందని తెలిసినవాడు ఒక్కడూ కనబడడు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఒక పూట నిలబడండి. పట్టుచీర కట్టుకొని ఆటో దిగే అక్కచెల్లెళ్లను చూడండి. "అక్కా, గీడ ఒక్క సంతకం పెట్టు, బ్యాంకు పనికి" అంటాడు తమ్ముడు. ఆమె పెడుతుంది. వేలిముద్రా వేస్తుంది. ఫొటో దిగుతుంది. ఇంటికెళ్లేటప్పుడు చేతిలో ఒక చీర, పసుపు కుంకుమ, ఒక స్వీటు డబ్బా. ఆమె సంతకం చేసింది హక్కు విడుదల పత్రం మీద. అవుటర్ రింగు రోడ్డు పక్కన కోట్లు పలికే నేలలో తన వాటాను ఆ స్వీటు డబ్బాకు వదిలేసి వచ్చిందని ఆమెకు ఎవరూ చెప్పరు. డాక్యుమెంటు రైటరు చెప్పడు, అతని ఫీజు తమ్ముడు కట్టాడు.

దేశం కన్నా ముందు ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు ఇచ్చిన గడ్డ ఇది. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబర్ 5కు ముందే పెళ్లయినవాళ్లను మాత్రం పక్కన పెట్టింది. 2005లో కేంద్ర సవరణ ఆ గీతను చెరిపేసింది: పెళ్లయినా కాకున్నా కూతురు కొడుకుతో సమానం. ఆ సవరణ నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకం ఉంటే లెక్క వేరు. తండ్రి స్వార్జితానికి వీలునామా ఉంటే ఇంకో లెక్క. మీ ఇంటి నేల ఏ లెక్కలోకి వస్తుందో తేల్చడానికే వకీలు కావాలి. అదీ సంతకానికి ముందు. పెట్టాక ఆ పత్రాన్ని రద్దు చేయించాలంటే, మోసం జరిగిందని రుజువు చేసే భారం మీ నెత్తినే పడుతుంది.

"అన్నదమ్ముల మీద కేసా? పుట్టింటి గడప మూసుకుపోదా?" అంటారు కదూ. వాటా అడిగితే మూసుకుపోయే గడప అప్పటిదాకా ఎవరి కోసం తెరిచి ఉందో చెప్పండి. చెప్పండి, నేను వింటాను.

ఇక ప్లాట్లు. మా చిన్నాన్న, కూతురి పెళ్లికని దాచిన బంగారం అమ్మి, మేడ్చల్ పక్కన నూటయాభై గజాలు కొన్నాడు. వాస్తు సిద్ధాంతిని రెండుసార్లు పిలిచాడు. ముహూర్తం పెట్టించాడు. చేతికొచ్చింది నోటరీ ముద్ర పడిన స్టాంపు కాగితం, దాని వెనక ఒక జీపీఏ, అంటే అధికార పత్రం. ఆరేళ్ల తర్వాత ఇంకొకడు వచ్చి కడీలు పాతాడు. అప్పుడు వెళ్లాడు వకీలు దగ్గరికి. ఆ కాగితాలు చదవడానికి ఆయనకు పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు బయానా ఇచ్చే ముందు కొనుక్కోలేదని మా చిన్నాన్న పోయేదాకా కుమిలిపోయాడు.

వంద రూపాయలు, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందేనని 1908 నాటి చట్టం చెప్తోంది. జీపీఏ చేతిలో ఉంటే యాజమాన్యం వచ్చినట్టు కాదని 2011లో సురజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదని 1977 చట్టం ఉంది. 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో, చెరువు నిండితే నీళ్లు నిలిచే ఎఫ్‌టీఎల్ హద్దులో పడుతుందేమో ముందే చూడొచ్చు. సుమారు 600 గజాలు దాటిన వెంచర్‌ను రెరాలో నమోదు చేయకుండా ప్రకటించడమే నేరం. ఒప్పందం రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి అడ్వాన్సు అడగకూడదు. ప్రీలాంచ్ అని మీకు ఫోన్ చేసే కుర్రాడికి ఇవన్నీ తెలుసు. మీకు తెలియవన్న సంగతీ తెలుసు.

నాకు ఎక్కువ కోపం చదువుకున్నవాళ్ల మీద. కంపెనీ ఆఫర్ లెటర్‌ను నాలుగుసార్లు చదివే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, నలభై లక్షల ప్లాటు కాగితాలను దళారి వాట్సాప్‌లో పంపితే బొటనవేలు గుర్తు పెట్టి పంపుతాడు. లింకు డాక్యుమెంట్లు చూడడు. ఆ నేల మీద ముప్పై ఏళ్ల లావాదేవీలు చూపే ఈసీ తీయించడు. గృహప్రవేశం భోజనాలకు లక్షలు పోస్తాడు, లీగల్ ఒపీనియన్‌కు కొన్ని వేలంటే "అంతా?" అని నోరెళ్లబెడతాడు. వీళ్లు చదువుకున్నవాళ్లట!

ఠాణాలో పంచాయితీ సంగతి కూడా చెప్పాలి. భూమి ఎవరిదో తేల్చే అధికారం ఎస్సైకి లేదు. సివిల్ తగాదాలో మిమ్మల్ని కూర్చోబెట్టి "రాజీ పడు" అంటే లేచి రావచ్చు. మోసం జరిగిందని ఫిర్యాదిస్తే, నేరం బయటపడుతుంటే కేసు కట్టాల్సిందేనని లలితా కుమారి తీర్పు 2013 నుంచి ఉంది. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం, అది మీ హక్కు. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. మీకు నచ్చిన వకీలుతో మాట్లాడనివ్వాలి. రాజ్యాంగం 22వ అధికరణంలో రాసి ఉంది. ఎవరి దయా అక్కర్లేదు.

"వకీళ్లు మాత్రం తక్కువ తిన్నారా?" అంటారా? నిజమే, కక్షిదారును ఆవులా పితికేవాళ్లు ఉన్నారు. ఎదుటి పక్షంతో చేతులు కలిపేవాళ్లూ ఉన్నారు. వాళ్లను వెనకేసుకు రావడం నా పని కాదు. ఫీజు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి, ఒపీనియన్ రాతపూర్వకంగా తీసుకోండి, మోసం చేస్తే బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. చెడ్డ డాక్టరున్నాడని జ్వరమొస్తే మంత్రగాడి దగ్గరికి పోతున్నారా?

డబ్బు లేదంటారా? 15100కు ఫోన్ చేయండి. 1987 న్యాయసేవాధికార చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచితంగా వకీలును పెట్టాలి. వాళ్ల ఆదాయం ఎంతన్న ప్రశ్నే లేదు. ఆటో దిగిన ఆ అక్కకు స్వీటు డబ్బా కన్నా ముందు అందాల్సింది ఈ అయిదంకెల నంబరు. ఆడబిడ్డల పుణ్యకార్యాలకు లక్షలు చందాలిచ్చి ఫ్లెక్సీలు కట్టే మన నాయకుల్లో ఒక్కడైనా ఈ నంబరును ఒక్క ఫ్లెక్సీ మీద రాయించాడా?

ఈ వారం మీ ఇంట్లో ఎవరికైనా "రేపే మంచి రోజు, వచ్చి సంతకం పెట్టు" అని కబురొచ్చి ఉంటే, ఆ కాగితాల జిరాక్సు ఇవాళే అడగండి. వకీలుకు చూపించి ఎల్లుండి వస్తామని చెప్పండి. చెప్పాక వెంటనే అక్కడి నుంచి కదలకండి. ఎదురుగా నిలబడి ఆ కబురు పంపినవాడి మొహం చూడండి.