సియాచిన్‌కు చేరిన ఓటు సౌదీకి ఎందుకు చేరదు?

ఓటు విలువ గురించి ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ ఒక వ్యాసం తప్పకుండా ఉంటుంది. ఓటును నోటుకో, సీసాకో అమ్ముకోవద్దని పెద్దలు రాస్తారు, మేము చదువుతాం. ఈసారి మేము రాయదలచుకున్నది, అమ్ముకుందామన్నా చేతిలో ఓటు లేనివాళ్ల గురించి. వాళ్లు మాకు పరాయివాళ్లు కాదు. మా బాపులు, మా అన్నలు, మా చిన్నాయినలు.

మా హాస్టల్లో జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లం ఎక్కువ. గల్ఫ్‌లో ఏ దేశం పోయినా మా దిక్కు "దుబాయ్ పోయిండు" అనే అంటారు. సౌదీ పోయినా దుబాయే, మస్కట్ పోయినా దుబాయే. తండ్రి వృత్తి అన్న గడిలో "కూలి" అని రాసి, పక్కనే "దుబాయ్" అని చేర్చే పిల్లలు మా ప్రతి గదిలోనూ ఉన్నారు. ఇంకొందరి అన్నలు ఆర్మీలోనో, సీఆర్‌పీఎఫ్‌లోనో, బీఎస్‌ఎఫ్‌లోనో ఉన్నారు. ఇద్దరూ ఇల్లు విడిచింది బతుకుతెరువు కోసమే. కానీ ఎన్నికల రోజున మన చట్టం ఈ ఇద్దరినీ ఒకే కంటితో చూడదు.

ముందు జవాన్ల సంగతి చెబుతాం. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సైనికులకు ప్రత్యేక ఏర్పాటు చేసింది. వాళ్లను సర్వీసు ఓటర్లు అంటారు. సైన్యంలో ఉన్నవాళ్లు, సైనిక చట్టం వర్తించే ఇతర బలగాలవాళ్లు, సొంత రాష్ట్రం బయట పనిచేసే రాష్ట్ర సాయుధ పోలీసులు, విదేశాల్లో భారత ప్రభుత్వ ఉద్యోగం చేసేవాళ్లు ఈ లెక్కలోకి వస్తారు. ఎక్కడ డ్యూటీలో ఉన్నా సొంతూరి ఓటర్ల జాబితా చివరి భాగంలో వీళ్ల పేరు ఉంటుంది. వెంట ఉండే భార్య పేరూ చేర్చుకోవచ్చు. చట్టంలో "భార్య" అనే మాటే ఉండేది కాబట్టి, సైన్యంలో ఉన్న మహిళ భర్తకు మాత్రం ఆ అవకాశం ఉండేది కాదు. 2021లో చట్టాన్ని సవరించి "జీవిత భాగస్వామి" అని మార్చారు. ఒక్క మాట మారడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

అయితే హక్కు ఉన్నా బ్యాలెట్ కాగితం సమయానికి చేరేది కాదు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిస్తే గాని బరిలో ఎవరున్నారో తేలదు, తేలితే గాని బ్యాలెట్ అచ్చు కాదు. ఆ గడువుకూ పోలింగుకూ మధ్య చట్టం చెప్పిన కనీస వ్యవధి 14 రోజులే. రిటర్నింగ్ అధికారి బ్యాలెట్‌ను కవర్లో పెట్టి పోస్టులో వేస్తే, అది ఊళ్లు దాటి, సైనిక తపాలా చేతులు మారి, మంచుకొండ మీదున్న జవానుకు అందాలి. ఆయన ఓటు వేసి తిరిగి పంపితే లెక్కింపు మొదలయ్యే వేళకు జిల్లా కేంద్రానికి చేరాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆ ఓటు చెల్లదు. 2014 లోక్‌సభ ఎన్నికల్లో 13 లక్షలకు పైగా సర్వీసు ఓటర్లు నమోదైతే, ఓటు తిరిగి వచ్చింది 4 శాతం మందిది మాత్రమే. దేశం కోసం ప్రాణమివ్వడానికి సిద్ధపడ్డవాడి ఓటు పోస్టు సంచిలో మిగిలిపోయింది.

2016 అక్టోబరులో ఎన్నికల నిర్వహణ నియమాలను సవరించారు. బ్యాలెట్‌ను పోస్టులో పంపడం మాని కంప్యూటర్ ద్వారా పంపసాగారు. దీన్నే ఈటీపీబీఎస్ అంటున్నారు. అదే ఏడాది నవంబరులో పుదుచ్చేరిలోని నెల్లితోపు ఉప ఎన్నికలో మొదటిసారి వాడి చూశారు. ఓటీపీ, పిన్ కొడితే గాని ఆ ఫైలు తెరుచుకోదు. జవాను దాన్ని ప్రింటు తీసుకుని, ఓటు గుర్తు పెట్టి, లోపలి కవర్లో పెట్టి, ధ్రువీకరణ పత్రంతో కలిపి బయటి కవర్లో వేసి పోస్టు చేస్తాడు. స్టాంపు ఖర్చు లేదు. ఒకే ఓటు రెండుసార్లు రాకుండా లెక్కింపు కేంద్రంలో కవరు మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తారు. అంటే పోవడం కంప్యూటర్లో, రావడం మాత్రం పోస్టులోనే. ఆ సగం దారి తగ్గినందుకే 2019లో సుమారు 18 లక్షల సర్వీసు ఓటర్లలో 10 లక్షల 84 వేలకు పైగా ఓట్లు తిరిగి వచ్చాయి. 4 శాతం ఉన్నది 60 శాతమైంది. మిగతా 40 శాతం సంగతేమిటని అడగవలసిందే. అయినా మాకు దీంట్లో కనిపించింది ఒకటుంది. ఇన్నేళ్లు "దూరం, ఏం చేస్తాం" అన్న మాట నిజం కాదు. చేయాలనుకున్నాక దూరం అడ్డం రాలేదు.

ఇప్పుడు మా బాపుల సంగతి. ఒకప్పుడు ఆరు నెలలకు మించి విదేశంలో ఉంటే జాబితా నుంచి పేరు తీసేసే పద్ధతి ఉండేది. 2010లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది, 2011 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇతర దేశ పౌరసత్వం తీసుకోని భారతీయుడు ఎక్కడున్నా, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా ప్రకారం ఫారం 6ఎ నింపి సొంతూళ్లో ఓటరు కావచ్చు. వినడానికి బాగుంది. కానీ ఓటు వేయాలంటే పోలింగు రోజున ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని, స్వయంగా ఊరి పోలింగు కేంద్రానికి రావాలి.

ఎవరు రాగలరు? రెండేళ్లకోసారి సెలవు దొరికే మనిషి. కఫీల్ సంతకం పెడితే గాని కదలలేని మనిషి. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉన్న మనిషి (అలా పెట్టుకోకూడదని అక్కడి నిబంధనలే చెబుతున్నా). అకామా గడువు దాటిపోయి "ఖల్లివెల్లి" అయిన మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు. రానుపోను టికెట్టుకే ఒకటి రెండు నెలల జీతం పోతుంది. ఒక ఓటు కోసం అంత ఖర్చు పెట్టి వస్తానంటే మా అమ్మలే ఒప్పుకోరు. ఆ డబ్బు మా తమ్ముడి ఫీజు, చెల్లె పెళ్లి చీటీ.

అంకెలు కూడా అదే చెబుతున్నాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో విదేశాల్లో ఉన్న ఓటర్లుగా నమోదైనవాళ్లు దేశం మొత్తం మీద 1,19,374 మంది. వచ్చి ఓటేసినవాళ్లు 2,958 మంది. అందులో 2,670 మంది ఒక్క కేరళవాళ్లే. అక్కడి సంఘాలు విమానాలు మాట్లాడి మరీ మనుషులను తెచ్చాయి కాబట్టి ఆ మాత్రమైనా వచ్చారు. గల్ఫ్ దేశాల్లోనే సుమారు 90 లక్షల మంది భారతీయులు ఉన్నారంటే, ఈ 2,958ని ఏమనాలి? మన రెండు మూడు ఊళ్ల ఓట్లు కలిపితే అంతవుతాయి.

"నాలుగు ఓట్లతో ఏమైతది" అనేవాళ్లకు మా ప్రాంతపు లెక్కే చూపిస్తాం. 2018 శాసనసభ ఎన్నికల్లో జగిత్యాల జిల్లా ధర్మపురి ఎస్సీ రిజర్వుడు స్థానంలో గెలుపోటముల తేడా 441 ఓట్లు. మేము ఎవరు గెలవాల్సిందో, ఎవరు ఓడాల్సిందో మాట్లాడటం లేదు. గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు ఆ నియోజకవర్గంలో వెతికినా దొరకదు, అంతే అంటున్నాం. ఆంధ్రలో ఇంకా ముచ్చట ఉంది. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో గెలిచిన తేడా 9 ఓట్లు. ఒక మేస్త్రీ వెంట పోయిన జట్టులో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు.

మాకు అన్నింటికంటే బాధ కలిగించేది ఇంకొకటి. రియాద్‌లోని మన రాయబార కార్యాలయంలో గుమస్తాగా వెళ్లిన ప్రభుత్వ ఉద్యోగి సర్వీసు ఓటరు. ఆయనకు బ్యాలెట్ కంప్యూటర్లో వస్తుంది. అదే కార్యాలయం కిటికీ ముందు ఔట్‌పాస్ కోసం ఎండలో నిలబడ్డ కూలీకి రాదు. కిటికీకి లోపల ఒక పౌరుడు, బయట ఒక పౌరుడు. రాజకీయాల్లో ఒక మనిషికి ఒకే ఓటు, ఒక ఓటుకు ఒకే విలువ ఉంటాయని, సామాజిక, ఆర్థిక జీవితంలో మాత్రం అసమానత మిగిలే ఉంటుందని అంబేద్కర్ గారు 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. దుబాయ్ పోయిన కూలీకి ఆయన చెప్పిన మొదటి సగం కూడా దక్కలేదు.

దీనికి ప్రభుత్వం ఒక పరిష్కారం చూపింది. విదేశాల్లో ఉన్నవాళ్లు తమ బదులు ఊళ్లో ఒకరితో ఓటు వేయించుకునేలా, అంటే ప్రాక్సీ ఓటుకు, ఒక బిల్లు తెచ్చింది. 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభలో పాస్ కాకుండానే 2019లో లోక్‌సభ రద్దయి బిల్లు మురిగిపోయింది. సైనికులకు ఈ సౌకర్యం 2003 నుంచి ఉంది. ప్రాక్సీగా వచ్చిన మనిషికి సిరా ఎడమ చేతి మధ్యవేలుకు పెడతారు, చూపుడు వేలు తన సొంత ఓటుకు కావాలి గనుక.

ఆ బిల్లు మురిగిపోయినందుకు మాకు విచారం లేదు. ఈ మాట కొందరు మిత్రులకు నచ్చకపోవచ్చు. హాస్టల్లో దీని మీద రెండు రాత్రులు వాదించుకున్నాం. "వేయకపోవడం కంటే ఎవరో ఒకరు వేయడం మేలు కదా" అన్నవాళ్లూ ఉన్నారు. కానీ మా వాడల సంగతి మాకు తెలుసు. దుబాయ్ పోవడానికి ఏజెంటుకు కట్టిన డబ్బు ఊళ్లో మిత్తికి తెచ్చిందే. అప్పిచ్చిన ఆసామి ఫోను చేసి "ఓటు కాగితం నా పేరు మీద రాసియ్యిరా" అంటే, పెళ్లాం పిల్లలను అదే ఊళ్లో వదిలిపెట్టిన మనిషి కాదనగలడా? ఇంటామెకే రాసివ్వొచ్చు కదా అంటారు. ఆమె ఉన్నదీ ఆ అప్పు కిందే. జవాను వెనుక పటాలం ఉంటుంది, జీతం ఉంటుంది. కూలీ వెనుక బాకీ ఉంటుంది. రెండింటికీ ఒకే మందు పనికిరాదు. మా బాపు ఓటు మా బాపు చేతితోనే పడాలి.

2020 నవంబరులో ఎన్నికల సంఘం న్యాయశాఖకు లేఖ రాసింది. జవాన్లకు పంపినట్టే విదేశాల్లో ఉన్న ఓటర్లకూ బ్యాలెట్ పంపడానికి సాంకేతికంగా సిద్ధంగా ఉన్నామని అందులో చెప్పింది. మాకు సంతోషమైంది. కానీ అప్పుడు పత్రికల్లో వచ్చిన వార్తల ప్రకారం మొదటి విడతలో అనుకున్నవి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ వంటి దేశాలు. గల్ఫ్ లేదు. అక్కడ ప్రజాస్వామ్యం లేదు, రాయబార కార్యాలయం ముందు జనం గుమిగూడితే అనుమతి చిక్కులు వస్తాయి అన్నది కారణం. అమెరికాలో ఉన్న సాఫ్ట్‌వేర్ అన్నకు ఓటు రావద్దని మేము అనం. ఆయనకూ రావాలి. కానీ వరుసలో మా బాపే ఎప్పుడూ చివర ఎందుకు? 2024 ఎన్నికల నాటికి ఆ మొదటి విడత కూడా అమలు కాలేదు.

గల్ఫ్‌లో కుదరదన్న మాట నిలవదని చెప్పడానికి మా దగ్గర ఒక సాక్ష్యం ఉంది. మా బాపులతో పాటు అవే నగరాల్లో ఫిలిప్పీన్స్ వాళ్లు లక్షల్లో పనిచేస్తారు. ఆ దేశం 2003లోనే చట్టం చేసుకుని, 2004 నుంచి సౌదీలో, దుబాయ్‌లో ఉన్న తన కార్మికులతో అక్కడి తమ కార్యాలయాల ద్వారా ఓటు వేయిస్తున్నది. మనకంటే చిన్న దేశం. వాళ్లకు దొరికిన అనుమతి మనకు దొరకదా? అడిగితే కదా తెలిసేది.

చిక్కులు లేవని మేము అనడం లేదు. ఒకే గదిలో పది మంది ఉండే క్యాంపులో ప్రింటరు ఎక్కడిది? సూపర్‌వైజరు చూస్తుండగా గుర్తు పెడితే అది రహస్య ఓటు ఎలా అవుతుంది? జవాను ధ్రువీకరణ పత్రం మీద అతని అధికారి సంతకం ఉంటుంది, కూలీకి ఎవరు సంతకం పెడతారు? కాబట్టి జవానుకు చేసింది ఉన్నది ఉన్నట్టు తెచ్చి అతికించడం కాదు. రాయబార కార్యాలయాల్లోనూ, కార్మికులు ఎక్కువున్న పట్టణాల్లోనూ వారాంతపు సెలవు రోజున ఒక గది, ఒక తెర, ఒక పెట్టె పెట్టి, పాస్‌పోర్టు నకలు లేదా అక్కడి గుర్తింపు కార్డు చూసి బ్యాలెట్ ఇవ్వాలన్నది మా అభిప్రాయం. పోలింగుకు వారం ముందే వేయించి, సీలు వేసి విమానంలో పంపవచ్చు. ఖర్చవుతుంది. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు లెక్క చెప్పేటప్పుడు ప్రభుత్వాలు గర్వపడతాయి కదా, అందులో నుంచి కొంత ఖర్చు పెట్టవచ్చు.

దేశం లోపల వలస పోయినవాళ్ల గతీ ఇంతే. భీవండి మగ్గాల మీద, ముంబై అడ్డాల మీద మనవాళ్లున్నారు. వాళ్ల కోసం ఒకే యంత్రంలో 72 నియోజకవర్గాల ఓట్లు వేయించవచ్చని 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం ప్రకటించింది. 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. ప్రతిపక్షాలు అనుమానాలు లేవనెత్తాయి, విషయం అక్కడే ఆగింది. అది వేరే వ్యాసానికి సరిపడా సంగతి.

"ఓటు వేయనియ్యనప్పుడు పేరు రాయించి ఏం లాభం" అని మా ఇళ్లల్లో అడుగుతున్నారు. లక్షా పందొమ్మిది వేల మందే నమోదయ్యారు కాబట్టే ఎవరికీ పట్టడం లేదన్నది మా జవాబు. ఇంకొక ప్రమాదం కూడా ఉంది. జాబితా సరిచూడటానికి వచ్చినప్పుడు "దుబాయ్‌ల ఉన్నడు" అంటే పేరు కొట్టేసిన సంఘటనలు మా ఇళ్లల్లోనే జరిగాయి. ఫారం 6ఎ ద్వారా చేరిన పేరు ఆ పోలింగు కేంద్రం జాబితాలో విదేశీ ఓటర్ల విభాగంలో విడిగా ఉంటుంది.

అందుకే ఆ ఫారం జిరాక్స్ కాపీలు హాస్టల్ లైబ్రరీ బల్ల మీద పెట్టాం. బాపు పాస్‌పోర్టులో ఫోటో, చిరునామా ఉన్న పేజీలు, వీసా పేజీ ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకోండి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఇంటర్ అన్నలు కూర్చుని నింపిపెడతారు. ఆన్‌లైన్‌లో కూడా పంపవచ్చు. సంతకం మాత్రం బాపుదే ఉండాలి, మనం పెట్టకూడదు. అన్నలు పటాలంలో ఉన్నవాళ్లు ఫారం 2 గురించి వాళ్ల యూనిట్‌లోనే అడగమని చెప్పండి. పదిహేడు నిండినవాళ్లు మీ సొంత ఫారం 6 కూడా అదే కట్టలో నుంచి తీసుకోవచ్చు.