పాటల పుస్తకం ఎవరి సొత్తు?

సినిమా పాటల పుస్తకం కూడా ఒక పుస్తకమేనా అని నన్ను ఆక్షేపించిన వారిలో పండితులే కాదు, మన మిత్రులూ వున్నారు. శ్రమజీవుల సాహిత్యాన్ని గురించి రాయవలసినవాడు టాకీసు దగ్గర అణాలకు అమ్మిన కాగితాల వెంట తిరగడమేమిటని వారి ప్రశ్న. సమాధానం చెప్పక తప్పదు.

రెండేళ్లుగా నేను 1930ల నాటి తెలుగు టాకీల పాటల పుస్తకాలను వెదుకుతున్నాను. ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద; తక్కిన సెలవు దినాలు మా చిలకలగూడలో. ఇది రైల్వే కార్మికుల పేట. దగ్గరలోని లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. ఇక్కడి పాత యిళ్లలో తాతల నాటి రేకు పెట్టెలు యింకా వున్నాయి. ఆ పెట్టె ఖాళీ అయిననాడు అందులోని కాగితం చేరేది చిత్తు కాగితాల కొట్టుకే. ఒకనాడు నేను వెళ్లేసరికే తూకం అయిపోయింది. "పాత సినిమా పుస్తకాలా? పొద్దుగాలనే కట్ట కట్టి పంపినం సార్" అన్నాడు కొట్టు కుర్రవాడు. వారం తిరగకుండా అలాంటి పుస్తకమే నగరంలో ఒక వ్యాపారి అద్దాల బీరువాలో కనిపించింది. చేతికివ్వలేదు, ధర మాత్రం చెప్పాడు. అది నా నెల జీతంలో సగం. ఒకచోట చిత్తు, మరొకచోట సొత్తు. రెండుచోట్లా పాఠకుడికి దక్కింది సున్న.

ఈ కాగితాల విలువ ఏమిటి? మన మొదటి పూర్తి తెలుగు టాకీ, హెచ్.ఎం. రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద' ఫిల్ము యివాళ లేదు. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల తరబడి రాస్తూ వచ్చాం. 1932 ఫిబ్రవరి 6 అని రెంటాల జయదేవ నిరూపించింది సెన్సారు వివరాలు, ఆనాటి పత్రికలు తిరగవేసి. ఆ కాగితాలను కూడా ఎవరో తూకానికి వేసివుంటే? ఆ చిత్రానికి పాటలు రాసిన చందాల కేశవదాసు ఖమ్మం ప్రాంతపు జక్కేపల్లి వాడు. ఆయన రాసిన ప్రార్థనాగీతంతో తెర తీసిన నాటక సమాజాలలో కవి పేరు ఎరగని నటులెందరో! పేరు పోయిన కవికి పేరు తెచ్చి పెట్టగలిగేది అచ్చు కాగితమే.

చిలకలగూడలోనే ఒక యింట, రిటైరైన కార్మికుని కూతురు, ఎనభై దాటిన పెద్దావిడ, నాకొక పుస్తకం చూపింది. అది 1939 నాటి 'రైతుబిడ్డ' పాటల పుస్తకం. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ఆ చిత్రం మీద జమీందార్లు కన్నెర్రజేశారు, నిషేధం వచ్చింది. తెర మీద బొమ్మను ఆపగలిగిన ప్రభుత్వం ఈ రేకు పెట్టెలోకి రాలేకపోయింది. తండ్రి దాన్ని బెజవాడ నుంచి తెచ్చాడట. "మా నాయినకు సదువు రాదు బిడ్డా. షెడ్డుల దోస్తులు సదివి చెప్తే ఆయన పాడేటోడు. పాడుకుంట పాడుకుంటనే అచ్చరాలు గుర్తుపట్టిండు" అన్నది. ఏ పాఠశాలా చేర్చుకోని మనిషికి అక్షరం నేర్పిన వాచకం యిది. దీన్ని చెత్త అనేవారు ఏ ప్రజల సాహిత్యాన్ని గురించి మాట్లాడుతున్నారు?

అమెరికాలో 1927 తర్వాత, టాకీ పాటలను పియానో స్వరాలతో సహా అచ్చువేసి అమ్మారు. ఆ కాగితం నుంచి పాట పలకాలంటే యింట్లో పియానో వుండాలి, స్వరం చదవడం రావాలి. మన పుస్తకంలో సాహిత్యం వుంటుంది, కథాసంగ్రహం వుంటుంది, కొన్నిటిలో రాగం, తాళం పేర్లు వుంటాయి. స్వరం వుండదు. వరుస జనం గొంతులో వుంటుంది. గ్రామఫోను రికార్డుకు ఎక్కని పాటకు ఆ గొంతే స్వరలిపి. ఆ పెద్దావిడ తండ్రి దగ్గర నేర్చిన వరుసలో మూడు పాటలు పాడింది. పుస్తకాన్ని అమ్మనన్నది, అడగడానికి నాకూ నోరు రాలేదు. పుటపుటా ఫొటో తీసుకున్నాను, ఆమె పాటను ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఆ యింట్లో ఆ వరుస తెలిసినవారు మరెవ్వరూ లేరు.

సేకర్తలే లేకపోతే యివి మిగిలేవా అని కొందరి వాదన. నిజమే, కొందరు కడుపు కట్టుకుని కాపాడారు, వారికి నమస్కారం. కాని కాపాడడం వేరు, కాజేయడం వేరు. కేశవదాసు 1956లో మరణించాడు. మన చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవై ఏళ్లకు కాపీరైటు తీరిపోతుంది. అంటే 2016 ముగిసేసరికి ఆయన పాటలు ప్రజలందరి ఆస్తి అయ్యాయి. చట్టం ప్రజలకు అప్పగించిన దాన్ని బీరువా తాళం కాజేయడానికి వీల్లేదు. కాగితం నీది కావచ్చు. పాట నీది కాదు.

నిజానికి ఈ వ్యాపారికి సరుకు అందిస్తున్నది మన చులకనే. మనం చెత్త అన్నందుకే గ్రంథాలయం కొనలేదు. గ్రంథాలయం కొననందుకే అది తూకానికి వచ్చింది. తూకంలో చవకగా దొరికినందుకే బీరువాలో ప్రియమైంది.

కనుక ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఒక పని చెబుతున్నాను. మీ పేటలో పాత యిళ్ల తలుపు తట్టండి. పుస్తకాన్ని లాక్కురావద్దు, నకలు తీసి యింటివారికే వదిలిరండి. నకలును ప్రజా గ్రంథాలయంలో, నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టండి. వరుస తెలిసిన వృద్ధులుంటే మొదట వారి చేత పాడించండి. కాగితం రేపటిదాకా ఆగవచ్చు; గొంతు ఆగదు.